బడి పిల్లల పళ్ళ కోసం లక్షన్నర పోగైంది, మెగా డెంటల్ క్యాంపు పెట్టమంటారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కనిగిరి వైపు ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల, హైస్కూలు కలిపి 180 మంది పిల్లలు ఉన్నారు. పూర్వ విద్యార్థులంతా కలిసి లక్షన్నర రూపాయలు పోగు చేశారు. సంక్రాంతికి అందరూ ఊరొస్తారు కాబట్టి అప్పుడే మెగా డెంటల్ క్యాంపు పెట్టి, పిల్లలకి పేస్టు, బ్రష్షు కిట్లు పంచాలని ఆలోచన. రెండో సందేహం: మీ నీళ్ళలో అసలే ఫ్లోరైడ్ ఎక్కువ, మళ్ళీ ఫ్లోరైడ్ పేస్టు ఇస్తే పళ్ళు ఇంకా పాడవుతాయేమోనని ఊళ్ళో పెద్దవాళ్ళు అంటున్నారు.

సూటిగా చెప్తాను. ఆ డబ్బు క్యాంపుకి పెట్టకండి. బడిలో రోజూ ఒక పూట, టీచర్ కళ్ళెదుట, ఫ్లోరైడ్ పేస్టుతో పిల్లలందరి చేతా పళ్ళు తోమించండి. ఏడాదికి రెండుసార్లు ఒక డెంటిస్టుని పిలిపించి, కొత్తగా వచ్చిన దవడ పళ్ళకి సీలెంట్ (పంటి మీది సన్నని గాళ్ళని మూసే పూత) వేయించండి. నీళ్ళ సంగతి విడిగా చూడండి. పేస్టు వల్ల భయం లేదు, లెక్కతో సహా కింద రాస్తాను.

అన్నట్టు, సంక్రాంతికి బడికి సెలవులు కదండీ. పిల్లలు సగం మంది అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉంటారు.

నేను ప్రజారోగ్య దంత వైద్యం చదివి, చాలా ఏళ్ళు ఒక డెంటల్ కాలేజీ తరఫున పల్లెల్లో క్యాంపులకి వెళ్ళినవాణ్ణి. క్యాంపులో ఏం జరుగుతుందో చెప్తాను. వరండాలో రెండు బల్లలు వేస్తారు. హౌస్ సర్జన్లు టార్చి లైటు, చిన్న అద్దం పట్టుకుని ఒక్కో పిల్లని అర నిమిషం చూస్తారు. "పై దవడ పుచ్చింది, చిగుళ్ళు వాచాయి" అని చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీ పట్టుకుని ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి టౌనుకి వచ్చి సిమెంటు వేయించుకునేవాళ్ళు ఎంతమంది? చాలా తక్కువ. పన్ను సలుపు పుట్టి రాత్రంతా నిద్ర లేనప్పుడు వస్తారు, అప్పటికి పీకడం తప్ప దారి ఉండదు. క్యాంపు జబ్బుని లెక్కపెడుతుంది, ఆపదు. పిప్పి పన్ను ఒక్క రోజులో రాదు. తిన్న తీపిని పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తుంటే, ఆ ఆమ్లం రోజూ కొంచెం కొంచెంగా పింగాణీ పొరని కరిగిస్తుంది. దాన్ని ఆపే పని కూడా రోజూ జరగాలి.

కిట్లు పంచడం గురించి కూడా ఒక మాట. ఇంటికి పంపిన పేస్టు ఇంట్లో అందరూ వాడతారు, పది రోజుల్లో అయిపోతుంది. తప్పేం లేదు, కానీ పిల్లాడి పంటికి దక్కేది స్వల్పం. ఆ పేస్టే బడిలో ఉంటే ఏడాదంతా వస్తుంది.

ఇది ఎక్కడైనా పనిచేసిందా అంటే, చేసింది. స్కాట్లండ్‌లో 2006లో చైల్డ్‌స్మైల్ అనే కార్యక్రమం పైలట్‌గా మొదలుపెట్టి తర్వాత దేశమంతటికీ విస్తరించారు. దానికి వెన్నెముక నర్సరీల్లో రోజూ టీచర్ల ముందు తోమించడమే. 2003లో అక్కడ ఒకటో తరగతిలో చేరే పిల్లల్లో పైకి కనిపించే పుచ్చు లేనివాళ్ళు 45 శాతం, 2020 నాటికి 74 శాతం. ఆ ఖ్యాతి అంతా బ్రష్షుదే అనను. క్లినిక్కుల్లో ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం, ఇళ్ళకి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడడం కూడా అందులో ఉన్నాయి. కానీ నర్సరీ బ్రష్షింగుకి పెట్టిన ఖర్చు కంటే, తర్వాత చికిత్సల్లో మిగిలిందే ఎక్కువని అక్కడివాళ్ళు లెక్క వేసి చూపించారు.

స్కాట్లండ్ ధనిక దేశం, మనకి కుదురుతుందా అంటారేమో. ఫిలిప్పీన్స్ ప్రభుత్వ బడుల్లో 'ఫిట్ ఫర్ స్కూల్' పేరుతో ఇదే చేశారు. సబ్బుతో చేతులు కడగడం, గుంపుగా పళ్ళు తోమడం, ఆరు నెలలకోసారి నులిపురుగుల మాత్ర, ఈ మూడే. డాక్టరు అక్కర్లేదు, టీచరు చాలు. మన బడుల్లో నులిపురుగుల మాత్ర ఎలాగూ ఇస్తున్నారు, మధ్యాహ్న భోజనానికి ముందు చేతులు కడిగే వరస ఎలాగూ ఉంది. తోమడం ఒక్కటి కలిపితే సరిపోతుంది.

ఇప్పుడు మీ డబ్బుల లెక్క. బఠాణీ గింజంత పేస్టు అంటే పావు గ్రాము. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే ఒక్కో పిల్లకి 55 గ్రాములు. 180 మందికి పది కిలోల లోపే, అంటే వంద గ్రాముల ట్యూబులు వంద. చిల్లర ధరకి కొన్నా ఆరు వేలకి అటూ ఇటూ. బ్రష్షులు మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి కాబట్టి మనిషికి మూడు, 540 బ్రష్షులు, ఒక్కోటి 15 రూపాయలనుకుంటే ఎనిమిది వేల చిల్లర. స్టాండు, కాగితాలు, సబ్బులు అన్నీ కలిపినా ఇరవై వేలు దాటదు. డెంటిస్టు రాకపోకలు, సీలెంట్ సామాను కలుపుకున్నా మీ లక్షన్నర నాలుగైదేళ్ళు వస్తుంది. మెగా క్యాంపు అయితే షామియానా, భోజనాలు, ఫ్లెక్సీలు, శాలువాలతో ఒక్క రోజులో అయిపోతుంది.

ఎలా చేయించాలో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆగిపోయేది ఇక్కడే. భోజనం తర్వాత పిల్లల్ని తరగతుల వారీగా కూర్చోబెట్టండి. ట్యూబు మూతి బ్రష్షులకి తగలకూడదు. టీచరు ఒక శుభ్రమైన కాగితం మీద చుక్కలు చుక్కలుగా పేస్టు పెడితే, ఒక్కొక్కరూ వచ్చి తమ చుక్కని బ్రష్షుతో తీసుకుంటారు. రెండు నిమిషాలు తోమాలి, ఒక పాట పెట్టుకుంటే పిల్లలకి టైము తెలుస్తుంది. తర్వాత ఉమ్మేయాలి, పుక్కిలించకూడదు. ఇది మనవాళ్ళకి మింగుడుపడదు, నోరంతా నురగగా ఉంటే ఎలా అంటారు. పుక్కిలిస్తే పంటి మీద ఉండాల్సిన ఫ్లోరైడ్ నీళ్ళతో పోతుంది. పైగా పుక్కిలించే పని లేకపోతే 180 మందికి కుళాయిలు, బకెట్లు అక్కర్లేదు. నీటి ఎద్దడి ఉన్న బడికి ఇదో పెద్ద సుళువు. చివర్లో బ్రష్షులు మాత్రం ఒక్కొక్కటిగా కడిగి, తల పైకి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా, పేరు రాసిన చిల్లుల్లో నిలబెట్టాలి. డబ్బాలో అన్నీ గుత్తిగా పెట్టడం మాత్రం వద్దు. ఒకరి బ్రష్షు ఒకరు వాడనివ్వొద్దు.

నాకు తెలిసిన ఒక బడిలో ఇది రెండేళ్ళు బ్రహ్మాండంగా సాగింది. హెడ్మాస్టరుగారికి బదిలీ అయ్యాక నెల తిరక్కుండా స్టాండు స్టోర్ రూములోకి వెళ్ళిపోయింది. ఇంకో బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడే బాధ్యత తీసుకుంది. ఆమెది ఆ ఊరే, బదిలీ లేదు, పిల్లలంతా ఆమె మాట వింటారు. అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. మీరు కూడా ఊళ్ళో ఉండిపోయే మనిషినే పట్టుకోండి, నెలకి కొంత గౌరవ వేతనం ఇచ్చినా దండగ కాదు.

ఏ పేస్టు? ఫ్లోరైడ్ ఉన్న ఏ మామూలు పేస్టయినా ఫరవాలేదు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం, అంటే కిలో పేస్టుకి ఒక గ్రాము, మించకూడదని నియమం ఉంది, పనిచేయడానికి కూడా దాదాపు అంత ఉండాలి. పెట్టె వెనక చదివి కొనండి. లవంగం, వేప, ఉప్పు అని బొమ్మలు వేసిన చాలా పేస్టుల్లో ఫ్లోరైడే ఉండదు. వేపపుల్ల సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా: శ్రద్ధగా నమిలి తోమితే పాచి పోతుంది, పెద్దవాళ్ళు వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఏడేళ్ళ పిల్లాడు వెనక దవడ దాకా వేపపుల్లతో తోమడం నేనైతే చూడలేదు. బొగ్గు, ఇటుక పొడి, కచ్చిక మాత్రం మానిపించండి, పళ్ళు అరిగిపోతాయి.

ఇక ఫ్లోరైడ్ భయం. మీ ప్రాంతంలో ఈ భయం ఊరికే పుట్టలేదు. మన దేశంలో నీటి వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ని (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బుని) మొట్టమొదట నమోదు చేసింది మీ దగ్గరే, 1937లో, పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో. అప్పట్లో అవి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా కింద ఉండేవి. నల్గొండ పేరు తర్వాత మారుమోగింది. కాబట్టి మీ పెద్దవాళ్ళు భయపడడంలో న్యాయముంది, కానీ భయపడాల్సింది పేస్టుని చూసి కాదు.

లెక్క చూడండి. 1000 పీపీఎం పేస్టులో పావు గ్రాము అంటే అందులో ఉండే ఫ్లోరైడ్ పావు మిల్లీగ్రాము. పిల్లాడు మొత్తం మింగేసినా అంతే, నిజానికి చాలా వరకు ఉమ్మేస్తాడు. మీ బోరు నీళ్ళలో లీటరుకి 3 మిల్లీగ్రాములు ఉందనుకోండి, లీటరున్నర తాగితే నాలుగున్నర మిల్లీగ్రాములు, అదీ ప్రతి రోజూ, అదంతా కడుపులోకే. దవడ ఎముక లోపల పన్ను తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, ఇలా కడుపులోకి వెళ్ళిన ఫ్లోరైడే పళ్ళ మీద తెల్ల చారలు, గోధుమ మచ్చలు తెస్తుంది. పేస్టులోని ఫ్లోరైడ్ పనిచేసేది బయటికి వచ్చేసిన పంటి పైపొర మీద. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపు గింజంత, ఆ పైన బఠాణీ గింజంత, పక్కన ఒక పెద్ద మనిషి. ఈ మాత్రం జాగ్రత్త చాలు.

మచ్చలున్న పళ్ళకి పుచ్చు రాదనుకోవడం కూడా పొరపాటే. ఫ్లోరోసిస్ ముదిరితే పింగాణీ పెళుసై పెచ్చులూడుతుంది, ఆ గుంటల్లో పాచి చేరుతుంది. ఇంకో సంగతి టీచర్లకి తప్పకుండా చెప్పండి: గోధుమరంగు పళ్ళున్న పిల్లని "సరిగ్గా తోమవా?" అని అందరి ముందూ గద్దించొద్దు. అది తోమితే పోయే మరక కాదు. ఇలాంటి ఊళ్ళల్లో ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం చాలా చూశాను.

నీళ్ళని పరీక్ష చేయించండి. బడి బోరుది, ఊళ్ళో జనం ఎక్కువగా వాడే బోర్లది సీసాల్లో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకి ఇవ్వండి. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు కూడా తీయలేదు. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసింది, దానికి నల్గొండ పద్ధతి అనే పేరుంది. పనిచేస్తుంది కానీ రోజూ ఓపికగా పాళ్ళు చూసి కలిపేవాళ్ళు ఉండాలి, ఇళ్ళల్లో నిలబడలేదు. ఆర్వో ప్లాంటు ఫ్లోరైడ్‌ని తీస్తుంది. చాలా ఇళ్ళల్లో క్యాన్ నీళ్ళు తాగడానికి వాడి, అన్నం, పప్పు బోరు నీళ్ళతో వండుతారు, అది కూడా కడుపులోకే పోతుంది. శాశ్వత పరిష్కారం నది నీళ్ళే. నల్గొండ వైపు పరిస్థితి మెరుగుపడింది కూడా కృష్ణా నీళ్ళు ఇళ్ళకి చేరాకే. అది మీ లక్షన్నరతో అయ్యేది కాదు, ల్యాబు కాగితం చేతిలో పెట్టుకుని పంచాయతీ నుంచి పైదాకా తిరగాల్సిన పని.

మీలో అమెరికాలో ఉన్నవాళ్ళు "ఇక్కడ నీళ్ళలో ఫ్లోరైడ్ కావాలని కలుపుతారు కదా" అంటారు. నిజమే, 1945లో మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో మొదలుపెట్టారు, 2015లో అక్కడి ప్రభుత్వం చేసిన సిఫారసు లీటరుకి 0.7 మిల్లీగ్రాములు. వాళ్ళకి తక్కువైంది కాబట్టి కలిపారు. మీకు ఎక్కువైంది కాబట్టి తీయాలి.

ఆరేళ్ళ పన్ను. డెంటిస్టుతో చేయించాల్సిన ముఖ్యమైన పని ఇదే. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళు ఏవీ ఊడకుండానే, వాటి వెనక కొత్తగా ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ముందు పళ్ళు ఊడే హడావిడిలో దాన్ని ఎవరూ గమనించరు. ఎనిమిదేళ్ళ పాప నోట్లో అద్దం పెట్టి చూస్తే కింద రెండు వైపులా ఆ పళ్ళు నల్లగా గుంటలు పడి ఉంటాయి. తల్లికి చూపిస్తే "పాలపళ్ళే కదా సార్, ఊడిపోతాయిగా" అంటుంది. ఊడవు, అవి జీవితాంతం ఉండాల్సినవి. గుర్తుపట్టడం తేలిక: నోటి మధ్య గీత నుంచి ఒక పక్కకి లెక్కపెట్టండి. ఐదు వరకు పాలపళ్ళు లేదా వాటి చోట వచ్చినవి, ఆరోది ఉందంటే అది శాశ్వత దంతమే. దాని పైభాగంలో సన్నని లోతైన గాళ్ళుంటాయి, బ్రష్షు కుచ్చు అందులోకి దూరదు. ఆ గాళ్ళని గ్లాస్ అయనోమర్ లాంటి సిమెంటుతో మూసేస్తే (సీలెంట్ అంటే ఇదే) అక్కడ పుచ్చు పట్టడం బాగా తగ్గుతుంది. డ్రిల్లు అక్కర్లేదు, సూది అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు, తరగతి గదిలో బల్ల మీద పడుకోబెట్టి చేయొచ్చు. ఒకటి, రెండు తరగతుల వాళ్ళకి ఒకసారి, పన్నెండేళ్ళప్పుడు దాని వెనక ఇంకో దవడ పన్ను వస్తుంది కాబట్టి ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళకి ఒకసారి.

ఇప్పటికే పుచ్చిన పాలపళ్ళ మీద సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ చుక్క అద్దితే పుచ్చు ముందుకు పాకకుండా చాలా వరకు ఆగుతుంది. దీన్నీ, గ్లాస్ అయనోమర్‌నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పుచ్చిన చోటు నల్లగా అవుతుంది, ఆ మాట తల్లిదండ్రులకి ముందే చెప్పి ఒప్పించాలి. లేకపోతే మర్నాడు గొడవే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు పళ్ళు కూడా చూస్తుంది. వాళ్ళతో మాట్లాడుకుంటే సలుపున్న పిల్లల్ని ఏరియా ఆసుపత్రికి పంపే దారి దొరుకుతుంది.

తీపి గురించి ఎక్కువ ఉపన్యాసం ఇవ్వను. ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పంటికి ముఖ్యం. ఉదయం టీలో బిస్కెట్లు, ఇంటర్వెల్లో చాక్లెట్, సాయంత్రం కూల్‌డ్రింకు, ఇలా రోజంతా నోట్లో తీపి ఆడుతుంటే ఏ పేస్టూ కాపాడలేదు. బెల్లం మంచిది కదా అంటారు, పంటికి బెల్లమైనా పంచదారైనా ఒకటే. అలాగని మధ్యాహ్న భోజనంలో ఇచ్చే పల్లీ చిక్కీ ఆపమనకండి, రక్తహీనత ఉన్న పిల్లలకి అది అవసరం. అన్నంతో పాటే తినేసి, ఆ వెంటనే తోమించే ఏర్పాటు చేస్తే చాలు.

మీరు అడగలేదు గానీ, పెద్దవాళ్ళ నోరు కూడా చూడాలి. మీది పొగాకు పండే నేల, కనిగిరిలో వేలం కేంద్రమే ఉంది. నేను శ్రీకాకుళం పల్లెల్లో తిరిగినప్పుడు అడ్డపొగ తాగే ముసలమ్మలని చూశాను, చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని తాగుతారు. పని చేసుకుంటూనే తాగుతారు, మాట్లాడతారు కూడా. నోరు తెరవమంటే అంగిలి పాలిపోయి దళసరిగా, మధ్యలో ఎర్రటి చుక్కలతో కనిపిస్తుంది. అక్కడా, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లోనూ 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్ళకి ఏటా నోరు పరీక్షించి, మానమని ఒక్కొక్కరితో మాట్లాడుతూ ఐదేళ్ళు చూసిన అధ్యయనం ఒకటుంది, 1986లో అచ్చయింది. శ్రీకాకుళం, ఎర్నాకుళంలో అలా చెప్పించుకున్నవాళ్ళు, చెప్పించుకోని వాళ్ళ కంటే బాగా ఎక్కువగా మానేశారు. పల్లెటూరి వాళ్ళు చెప్తే వినరు అనేవాళ్ళకి నేను ఇదే చూపిస్తుంటాను.

ఇప్పటి కుర్రాళ్ళది వేరే కథ, వక్క, గుట్కా, ఖైనీ. కూరలో కాస్త కారం తగిలినా మంట, తర్వాత నోరు బిగుసుకుపోయి మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోవడం. ఇది కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. ముప్ఫై దాటిన వాళ్ళకి నోటి క్యాన్సర్ పరీక్ష ఊరి నర్సు (ఏఎన్‌ఎం) ద్వారా చేయించే ఏర్పాటు ప్రభుత్వంలో ఉంది, అడిగి చేయించుకోండి. తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలు కంటితో నోరు చూసే పద్ధతిని పరీక్షిస్తే, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్టు 2005లో తేలింది. మీ బడి గేటుకి 100 గజాల లోపు పొగాకు అమ్మే బడ్డీ ఉంటే అది చట్టవిరుద్ధం, హెడ్మాస్టరుగారితో ఒక కాగితం రాయించండి.

చివరిగా, మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఒకటో తరగతి పిల్లలందరి నోళ్ళూ డెంటిస్టు చేత చూపించి, పుచ్చు లేనివాళ్ళు ఎంతమందో ఒక నోట్‌బుక్కులో రాయించండి. మూడేళ్ళ తర్వాత పోల్చాల్సింది ఇదే పిల్లల్ని కాదు, అప్పటి ఒకటో తరగతిని. వయసు పెరిగితే పుచ్చు ఎలాగూ పెరుగుతుంది కాబట్టి అదే పిల్లల్ని చూస్తే ఏమీ అర్థం కాదు. అందుకోసం మీ ఊరి అంగన్‌వాడీని కూడా ఇందులో కలుపుకోండి, మూడేళ్ళ తర్వాత ఒకటో తరగతికి వచ్చేది ఆ పిల్లలే.